విమానం సరే, రివెట్టు సంగతి చూడండి

సంపాదకులు గారికి,

వడోదరలో సైనిక రవాణా విమానాల కర్మాగారం మొదలైన దగ్గర్నుంచి గోదావరి జిల్లాల్లో ఒక మాట తరచూ వినిపిస్తోంది. "ప్రైవేటు వాళ్లే విమానాలు కట్టేస్తున్నారు కదండీ, మధురపూడి విమానాశ్రయంలో రన్‌వే కూడా పెద్దదైంది, అలాంటి ఫ్యాక్టరీ మనకీ ఒకటి తెప్పించుకోలేమా?" అని. కాకినాడ పాలిటెక్నిక్ గేటు దగ్గర టీ కొట్టులో ఇదే మాట, మండపేటలో రైసు మిల్లు స్పేర్లు తిప్పే లేతు షెడ్డులోనూ ఇదే మాట. ఆశపడటంలో తప్పేమీ లేదు. కాకపోతే అడగాల్సిన దాన్ని వదిలేసి అడగక్కర్లేని దాన్ని అడుగుతున్నామని మా అభిప్రాయం. విమాన నిర్మాణంలోనూ, మెకానికల్ విద్యలోనూ ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లం కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. కాస్త పొడుగైనా వేయండి.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 2021 సెప్టెంబరు 24న రక్షణ శాఖ, ఎయిర్‌బస్ సంస్థతో 56 సీ-295 రవాణా విమానాలకు ఒప్పందం చేసుకుంది. విలువ సుమారు 21,935 కోట్ల రూపాయలు. అందులో 16 విమానాలు స్పెయిన్‌లోని సెవిల్ నుంచి ఎగురుకుంటూ వచ్చేశాయి. మొదటిది 2023 సెప్టెంబరులో, పదహారోది 2025 ఆగస్టులో చేతికందింది. మిగతా 40 ఇక్కడే, టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ చేతుల మీదుగా తయారవ్వాలి. ఒప్పందం ప్రకారం ఇక్కడ కట్టిన మొదటి విమానం 2026 సెప్టెంబరుకు, చివరిది 2031 ఆగస్టుకు రావాలి. వడోదర కర్మాగారాన్ని 2024 అక్టోబరు 28న మన ప్రధాని, స్పెయిన్ ప్రధాని కలిసి ప్రారంభించారు. దేశంలో ఒక ప్రైవేటు సంస్థ మొత్తం సైనిక విమానాన్ని కట్టడం ఇదే తొలిసారి.

ఈ 56 విమానాలూ వాయుసేన పాత ఆవ్రో రవాణా విమానాల స్థానంలోకి వస్తాయి. ఆ ఆవ్రోలనూ మనమే కట్టుకున్నాం. తొలి భారతీయ ఆవ్రో 1961 నవంబరు 1న కాన్పూర్‌లో ఎగిరింది. అది బ్రిటిష్ వాళ్ల డ్రాయింగు, ఇది స్పెయిన్ వాళ్ల డ్రాయింగు. అరవై ఏళ్ల తర్వాత కూడా రవాణా విమానం డ్రాయింగు మనది కాదు, కట్టే చేయి మాత్రం సర్కారుది కాకుండా ప్రైవేటుది అయింది. ఆ మార్పు కూడా సులువుగా రాలేదు. ప్రభుత్వ విమాన సంస్థ హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) చేతి నిండా పని ఉంది, దేశంలో రెండో నిర్మాణ లైను ఒకటి ఉండాలి అని 2012లో అనుకున్నారు. వచ్చింది ఒకే ఒక్క టెండరు. ఒక్క టెండరుతో ముందుకెళ్లొచ్చా లేదా అన్న తర్జనభర్జనతోనూ, ధర బేరాలతోనూ సంతకం దాకా వచ్చేసరికి 2021 అయింది. తొమ్మిదేళ్లు! ఈ ఆలస్యం గురించి ప్రభుత్వాలను నిలదీసిన వాళ్లు తక్కువ.

ఇప్పుడు అసలు విషయం. "పూర్తి స్వదేశీ విమానం" అని అక్కడక్కడా శీర్షికలు వస్తున్నాయి. అది నిజం కాదు. దీని రెండు ఇంజిన్లు కెనడాలో ప్రాట్ అండ్ విట్నీ చేసిన పీడబ్ల్యూ 127జీ రకం, ఒక్కొక్కటి 2,645 హార్స్‌పవర్. ఇంజిన్లు, చక్రాల వ్యవస్థ, కాక్‌పిట్ ఎలక్ట్రానిక్సు వంటివి ఎయిర్‌బస్ తెచ్చిస్తుంది, టాటా వాళ్లు బిగిస్తారు. శత్రు క్షిపణిని పసిగట్టే పరికరాలు, దాన్ని దారి మళ్లించే మంట గుళ్లు వదిలే పెట్టెలు మాత్రం మన బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), బీడీఎల్ (భారత్ డైనమిక్స్) సంస్థలవి. ప్రభుత్వం చెప్పిన లెక్క ఏమిటంటే, స్పెయిన్‌లో ఎయిర్‌బస్ ఒక్కో విమానానికి పెట్టే పని గంటల్లో 96 శాతం ఇక్కడే జరుగుతుంది. 13,400కు పైగా చిల్లర భాగాలు, 4,600 ఉప కూర్పులు, ఏడు పెద్ద కూర్పులు దేశంలోనే తయారవుతాయి. పని గంటలు వేరు, విలువ వేరు. కేజీ బరువున్న అల్యూమినియం బ్రాకెట్టుకూ, ఇంజిన్‌కూ పెట్టే పని గంటలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు. అయినా ఆ 13,400 అంకె మాత్రం మన వాళ్లు గోడకు అంటించుకోవాల్సినది. మనకు దక్కే పని అందులోనే ఉంది.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనేవాళ్లకు కొట్టు మీద కూర్చుని నెయ్యి, బెల్లం వేసి చుట్టేవాళ్లే కనిపిస్తారు. కుండ మీద రేకు తీసేవాళ్లు ఎక్కడో ఇళ్లలో, పొయ్యి దగ్గర ఉంటారు. వడోదర అంటే చుట్టే కొట్టు. పెద్ద కూర్పులు హైదరాబాదులో తయారై రోడ్డు మీద వడోదర వెళతాయి. ఆ హైదరాబాదు కర్మాగారానికి చిల్లర భాగాలు అందించేవి ఏడు రాష్ట్రాల్లో చెదిరి ఉన్న 125కు పైగా చిన్న, మధ్య తరహా సంస్థలు. ఈ ప్రాజెక్టు మొత్తం మీద నేరుగా దొరికే ఉద్యోగాలు ఎన్నో తెలుసా? ప్రభుత్వ ప్రకటనలోనే ఉంది, ఎక్కువ నైపుణ్యం కావాల్సినవి 600. పరోక్షంగా 3,000, మధ్యస్థ నైపుణ్యానికి మరో 3,000. మొత్తం ఉద్యోగాలు రేకు తీసే చోటే ఎక్కువ. రెండో ఫ్యాక్టరీ రాజమహేంద్రవరానికి రాదు, రావాల్సిన అవసరమూ లేదు. రేకు తీసే పని రావచ్చు.

వస్తే మన షెడ్డులు చేయగలవా? ఇక్కడ కాస్త లోపలికి వెళ్లాలి, ఎందుకంటే "మా టర్నరు ఏదైనా తిప్పేస్తాడండీ" అన్న ధీమా మనకు ఎక్కువ.

ఒక రివెట్టు తీసుకుందాం. విమానం చర్మాన్ని, అంటే పై రేకును, లోపలి చట్రం పక్కటెముకలకు పట్టి ఉంచే లోహపు మేకు అదే. 1.6 మిల్లీమీటర్ల రేకులు రెండు కలిపి 3.2 మిల్లీమీటర్ల రివెట్టుతో బిగించాలి అనుకోండి. రివెట్టు పొడవు రేకుల మందం మీద మరో ఒకటిన్నర వ్యాసం ఉండాలి, అంటే 3.2కు 4.8 కలిపి 8 మిల్లీమీటర్లు. రివెట్టు మధ్య నుంచి రేకు అంచు దాకా కనీసం రెండు వ్యాసాల దూరం, అంటే 6.4 మిల్లీమీటర్లు విడిచిపెట్టాలి. డ్రిల్లు చేసేటప్పుడు రెండు రేకులనూ తాత్కాలిక పిన్నులతో పట్టి ఉంచి బెజ్జం కొడతారు. అక్కడితో అయిపోలేదు. రేకులు మళ్లీ విడదీసి, రెండింటి మధ్య ఇరుక్కున్న రజను తుడిచి, బెజ్జం అంచున లేచిన ముళ్లు గీకి, అప్పుడు తిరిగి కలపాలి. చాలామంది ఎగ్గొట్టే పని ఇదే. ఆ రజను రేకుల మధ్య ఉండిపోతే రివెట్టు బిగిసినట్టే కనిపిస్తుంది, గాలి ఒత్తిడి మారిన ప్రతిసారీ రేకు కదులుతుంది, కదిలిన చోట పగులు మొదలవుతుంది. ఒకవైపు గన్ను కొడుతుంటే వెనక మరో మనిషి ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. పూర్తయ్యాక వెనక వైపు తల వెడల్పు 4.8, ఎత్తు 1.6 మిల్లీమీటర్లకు రావాలి. దిమ్మె వాలితే తల ఒక పక్కకు జారుతుంది, మనవాళ్ల భాషలో చెప్పాలంటే టోపీ పక్కకు పెట్టుకున్నట్టు ఉంటుంది. దాన్ని మళ్లీ కొట్టి సరిచేయకూడదు. తలను డ్రిల్లుతో తీసేసి, కొత్త రివెట్టు వేయాలి. తీసేటప్పుడు బెజ్జం కొద్దిగా పెద్దదయినా సరే, ఒక సైజు పెద్ద రివెట్టు వేసి ఊరుకోవడానికి లేదు. దానికి కాగితం రాయాలి. ఆ సంగతి తర్వాత చెబుతాం.

రివెట్టు తల మీద చిన్న గుంట ఉంటే అది మామూలు రకం, డబ్బాలోంచి తీసి అలాగే కొట్టొచ్చు. తల మీద రెండు ఉబ్బెత్తు గీతలుంటే అది 2024 నంబరు అల్యూమినియం మిశ్రమం. దాన్ని దాదాపు 495 డిగ్రీల వేడిలో ఉంచి, గబుక్కున నీళ్లలో ముంచి, వెంటనే ఫ్రీజర్‌లో పెడతారు. బయటకు తీసిన తర్వాత పది, ఇరవై నిమిషాల్లో కొట్టేయాలి. ఆలస్యమైతే తనంతట తానే గట్టిపడుతుంది, గట్టిపడ్డాక కొడితే తల అంచున పగుళ్లు వస్తాయి. 1900లో రాకపోకలు మొదలైన మన రాజమహేంద్రవరం హేవలాక్ రైలు వంతెనకు రివెట్లు ఎర్రగా కాల్చి, వేడి తగ్గకముందే కొట్టారు. విమానానికి ఐసులోంచి తీసి, చల్లదనం పోకముందే కొడతారు. రొయ్యల ఐసు గిడ్డంగి నడిపే వాళ్లకు ఈ సంగతి చటుక్కున అర్థమవుతుంది. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు ఫ్రీజర్ ఎంత వేడెక్కిందో ఎవరూ రాసుకోకపోతే, ఆ డబ్బాలో ఉన్న రివెట్లను అలాగే కొట్టడానికి లేదు.

ఒక్క వరస రివెట్లకు ఇంత హడావుడి ఎందుకని అడిగేవాళ్లకు జపాన్ జంబో జెట్ చాలు. 1978లో దాని తోక నేలకు తగిలి, వెనక ఒత్తిడి గోడ దెబ్బతింది. బాగు చేసేటప్పుడు ఒకే ముక్కగా వేయాల్సిన అతుకు పలకను రెండు ముక్కలు చేసి వేశారు. రెండు వరసల రివెట్లు మోయాల్సిన బరువు ఒక్క వరస మీద పడింది. బయటకు చూస్తే ఏ తేడా తెలియదు. దాదాపు పన్నెండు వేల సార్లు ఎగిరింది. 1985 ఆగస్టు 12న గోడ చీలి, 520 మంది పోయారు.

ఇప్పుడు మన వాతావరణం. మే నెలలో రాజమహేంద్రవరంలో తెల్లవారుజామున 30 డిగ్రీలు, మధ్యాహ్నం 42 అనుకోండి. మూడు మీటర్ల అల్యూమినియం పలక ఆ 12 డిగ్రీల తేడాకు 0.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాన్ని పట్టి ఉంచే స్టీలు జిగ్ పెరిగేది అందులో సగమే. అంటే ఉదయం జిగ్ మీద పెట్టి కొట్టిన బెజ్జానికీ, మధ్యాహ్నం కొట్టిన బెజ్జానికీ ఒకే పలక మీద 0.4 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. విమానం బెజ్జాల్లో సహించేది మిల్లీమీటరులో పదో వంతు లోపు. రేకుల షెడ్డులో, పైన ఫ్యాను పెట్టుకుని చేసే పని కాదిది. కొలతల గది 20 డిగ్రీల దగ్గర, ఒక డిగ్రీ అటూ ఇటూ కాకుండా ఉండాలి. కొలవబోయే భాగాన్ని ముందు రోజే ఆ గదిలో పెట్టి చల్లబరచాలి.

అతుకుల మధ్య పూసే సీలెంటుదీ ఇదే గొడవ. బీ-2 అని డబ్బా మీద ఉంటే, కలిపిన తర్వాత 25 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో రెండు గంటలు పని చేయొచ్చని అర్థం. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 36 డిగ్రీల షెడ్డులో అరగంట. కాకినాడ తేమకు ఇంకా తక్కువ. పూసే మనిషికి తెలియకుండానే సీలెంటు చిక్కబడి, పైకి బాగానే కనిపిస్తూ లోపల అంటుకోకుండా ఉండిపోతుంది. ఇంధనం ట్యాంకు అంచుల్లో అలా జరిగితే కారుతుంది, కారిన చోటు వెతకడానికి ఒక్కోసారి వారం పడుతుంది.

సముద్రం పక్కన ఉన్నవాళ్లం కాబట్టి ఉప్పు గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. భీమవరం చెరువు గట్టు మీద ఏరియేటరు మోటారు అల్యూమినియం బాడీకి స్టీలు బోల్టు బిగించిన చోట తెల్లటి పొడి లేచి ఉంటుంది చూడండి, అది తుప్పే. రెండు రకాల లోహాలు తడిలో తగిలితే వాటిలో రసాయనికంగా చురుకైనది, ఇక్కడ అల్యూమినియం, తినబడుతుంది. విమానంలో అందుకే స్టీలు బోల్టును సీలెంటులో ముంచి, తడిగా ఉండగానే బిగిస్తారు. ఇదే సీ-295ను సముద్రం మీద నిఘాకు మార్చి నౌకాదళానికి 9, తీర రక్షక దళానికి 6 తీసుకోవాలన్న ప్రతిపాదన ఉంది. అవి రోజంతా ఉప్పు గాలిలో కిందుగా ఎగురుతాయి. అక్కడ ఈ ముంచి బిగించే పనిలో బద్ధకిస్తే ఖర్చు పదింతలవుతుంది.

మిల్లింగు పని మన షెడ్డులకు కాస్త దగ్గరిది. విమానం పక్కటెముకల్లో చాలా భాగం దిమ్మెలోంచి కోసి తీసినవే. పది కేజీల దిమ్మె మిషను మీదకు ఎక్కితే కేజీ భాగం దిగుతుంది, తొమ్మిది కేజీలు రజను. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే. ఒక పక్క పూర్తిగా కోసేసి, తిప్పి రెండో పక్క మొదలుపెడతారు. క్లాంపు విప్పగానే భాగం అప్పడంలా వంకర తిరుగుతుంది. లోహం లోపల బిగిసి ఉన్న ఒత్తిడి ఒక పక్కనే వదులైపోవడం వల్ల అలా అవుతుంది. అందుకే రెండు పక్కలా రెండు, మూడు మిల్లీమీటర్లు మిగిల్చి ముందు మోటుగా కోయాలి. క్లాంపు విప్పి, దాన్ని ఊపిరి పీల్చుకోనివ్వాలి. తర్వాత పక్క మార్చి పక్క సన్నగా తీయాలి. దిమ్మె కొనేటప్పుడు కూడా సాగదీసి ఒత్తిడి తీసిన రకమా కాదా అని చూడాలి. 7050 మిశ్రమానికి టీ7451 అన్న తోక ఉంటే తీసినదే. టీ6 అంటే టీ651 అని సరిపెట్టుకున్న వాళ్లు భాగాలు పారేసుకున్నారు.

ఇక కాగితం. మన దగ్గర దీన్నే అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ప్రతి రేకు ముక్కకూ మిల్లు సర్టిఫికెట్టు, హీటు నంబరు, బ్యాచి నంబరు ఉండాలి. పెద్ద రేకులోంచి ముక్క కోస్తే ఆ నంబరు ముక్క మీదకు కూడా రాయాలి. రాయకుండా బల్ల మీద పెట్టిన ముక్క ఎంత మంచిదైనా తుక్కు కిందే లెక్క. ఎందుకంటే 2024నీ, 7075నీ కంటితో చూసి వేరు చేయలేరు. మొదటిసారి ఒక భాగం చేస్తే డ్రాయింగులో ఉన్న ప్రతి కొలతకూ ఒక నంబరు వేసి, కొలిచి, పట్టిక నింపాలి. చిన్న బ్రాకెట్టుకే వంద దాకా కొలతలుంటాయి. బెజ్జం తప్పు పడితే ఎర్ర చీటీ కట్టి, తాళం వేసిన బోనులో పెట్టి, లోపం నివేదిక రాయాలి. దాన్ని వాడొచ్చా, బాగు చేయొచ్చా, పారేయాలా అన్నది డిజైను హక్కు ఉన్నవాళ్లు తేలుస్తారు. ఈ విమానానికి ఆ హక్కు ఎయిర్‌బస్‌ది. షెడ్డు యజమాని "ఏం ఫర్వాలేదు, పెద్ద రివెట్టు కొట్టెయ్" అన్న రోజున ఆ షెడ్డుకు పని ఆగిపోయినట్టే. పైగా సైనిక విమానం కాబట్టి రక్షణ శాఖ నాణ్యతా తనిఖీ సంస్థ డీజీఏక్యూఏ వాళ్లూ చూస్తారు. లోపలికి రావడానికి ముందు విమాన పరిశ్రమ నాణ్యతా ప్రమాణమైన ఏఎస్ 9100 ధ్రువీకరణ ఉండాలి. వేడి చికిత్స, పూత, పగుళ్ల పరీక్ష లాంటి ప్రత్యేక పనులకు అదనంగా నాడ్‌క్యాప్ అనే గుర్తింపు కావాలి.

ఆ పూత పని గురించి ఒక మాట సూటిగా చెప్పాలి. అల్యూమినియం తుప్పు పట్టకుండా చేసే యానోడైజింగులోనూ, క్రోమేటు పూతలోనూ ఇప్పటికీ చాలా చోట్ల ఆరు వేలెన్సీ క్రోమియం వాడతారు. అది క్యాన్సరు కారకం. కడిగిన నీరు తొట్టెలోంచి బయటకు పోతే ఎటు పోతుంది? డెల్టాలో ఏ ఊళ్లో చూసినా పది అడుగుల్లో బోదె, వంద గజాల్లో కాలువ. ఆ కాలువ నీళ్లే తాగే చెరువుకు వెళతాయి. రొయ్యల చెరువుల వ్యర్థాలతోనే మనం ఇప్పటికే వేగలేకపోతున్నాం. ఎవరైనా "విమాన భాగాల పూత యూనిట్" పేరుతో కోనసీమలో స్థలం అడిగితే ఇవ్వకూడదు. బయటకు చుక్క వదలని శుద్ధి ఏర్పాటు ఉన్న పెద్ద పారిశ్రామిక పార్కుల్లోనే అది ఉండాలి. మన భాగాలు లారీలో అక్కడికి వెళ్లి పూత వేయించుకుని రావచ్చు. రాను పోను ఖర్చు తాగునీటి కంటే ఎక్కువ కాదు.

మరి మనకు నప్పేదేమిటి? మిల్లింగు, టర్నింగు ఒకటి. జిగ్‌లు, ఫిక్చర్లు రెండోది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఒప్పందం ప్రకారం పనిముట్లు, జిగ్‌లు, పరీక్షా సాధనాలు కూడా దేశంలోనే చేయాలి. స్టీలు ఫ్రేము వెల్డింగులో మన వాళ్లకు చేయి తిరిగింది, కొలతల క్రమశిక్షణ నేర్పితే చాలు. మూడోది వైరింగు హార్నెస్, అంటే విమానంలో వేసే తీగల కట్ట. దీనికి పొగ లేదు, నీరు లేదు, పెద్ద మిషన్లు అక్కర్లేదు. చల్లటి శుభ్రమైన గది, మంచి వెలుతురు, పొడవాటి బల్ల, దాని మీద అసలు కొలతకు గీసిన పటం, తీగ కొసకు లోహపు ముక్కను నొక్కి బిగించే క్రింపింగు పనిముట్లు ఉంటే చాలు. తీగ పైతొడుగు వలిచేటప్పుడు లోపలి పోగు ఒక్కటి తెగినా, గీసుకున్నా ఆ కొస కత్తిరించి మళ్లీ మొదలుపెట్టాలి. రోజూ పని మొదలుపెట్టే ముందు నమూనా క్రింపు వేసి లాగి చూడాలి, 20 నంబరు తీగ ఎనిమిదిన్నర కేజీల లాగుడుకు జారకూడదు. నరసాపురం లేసు అల్లే చేతులకు ఈ ఓపిక కొత్త కాదు. సెంటిమెంటు కోసం అనడం లేదు, ఈ పనిలో కావాల్సింది అచ్చం ఆ గుణమే: ఒక తప్పు పడితే దాచకుండా విప్పి మళ్లీ వేయడం.

ప్రైవేటు కంపెనీల పాత్ర అంటే పెద్ద కంపెనీ ఒక్కటే అన్నట్టు చర్చ నడుస్తోంది. మనం అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఏడాదికి ఎనిమిది విమానాలు అంటే, విమానానికి రెండు చొప్పున వాడే బ్రాకెట్టు ఏడాదికి పదహారు కావాలి. పదహారు ముక్కల కోసం ప్రోగ్రాము రాయాలి, ఫిక్చరు చేయాలి, మొదటి ముక్క తనిఖీకి వారం పెట్టాలి. ముక్క ధరలో ఇవన్నీ కలిపి ఇస్తారా, విడిగా ఇస్తారా? విమాన నాణ్యత అల్యూమినియంలో ఎక్కువ భాగం దిగుమతే, అదీ పెద్ద లాట్లలోనే దొరుకుతుంది. దాన్ని పెద్ద కంపెనీ తెప్పించి చిన్న షెడ్డుకు ఇస్తుందా, లేక పది కేజీల కోసం టన్ను కొనమంటుందా? భాగం అప్పగించిన ఎన్నాళ్లకు డబ్బు చేతికొస్తుంది? నాలుగైదు నెలలు ఆగితే, బ్యాంకు అప్పుతో మిషను కొన్న చిన్నవాడు రెండో ఆర్డరుకు ఉండడు. ఈ మూడు షరతులు కొనుగోలు ఒప్పందంలో రాయించగలిగేది ప్రభుత్వమే, ఎందుకంటే అంతిమంగా డబ్బు చెల్లించేది ప్రభుత్వం.

ఒక్క 40 విమానాలను నమ్ముకుని ఎవరూ మిషన్లు కొనకూడదని కూడా చెబుతున్నాం. 2031 తర్వాత ఏమిటి? హైదరాబాదు దగ్గర టాటా, లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి సంస్థ సీ-130జే విమానాల తోక భాగాలు చేసి అమెరికాకు పంపుతోంది. ఇప్పటికి 200కు పైగా పంపింది. నిలబడేది అలాంటి పని, ప్రపంచంలో ఎక్కడ విమానం కట్టినా మన భాగం వెళ్లే పని. వాయుసేన 2022 డిసెంబరులో 18 నుంచి 30 టన్నులు మోసే మధ్యశ్రేణి రవాణా విమానం కోసం సమాచారం కోరింది. ఎంబ్రాయర్, లాక్‌హీడ్, ఎయిర్‌బస్ మూడూ కన్నేశాయి. మొదటి దానికి మహీంద్రా, రెండో దానికి టాటా ఇక్కడి భాగస్వాములు. ఆ ఒప్పందం వచ్చేనాటికి ధ్రువీకరణ చేతిలో ఉన్న షెడ్డుకు పని వస్తుంది. ఆ రోజు దరఖాస్తు పెట్టుకునేవాడికి రాదు.

అందుకని మా కోరిక శిలాఫలకం కాదు. కాకినాడ, రాజమహేంద్రవరం మధ్య ఎక్కడైనా ఒక ఉమ్మడి కొలతల కేంద్రం పెట్టండి. 20 డిగ్రీల గది, ఒక త్రీడీ కొలత యంత్రం, దాన్ని నడపగల ఇద్దరు మనుషులు, పనిముట్ల కాలిబ్రేషను ఏర్పాటు. ఏ షెడ్డూ ఒంటరిగా కొనలేనిది ఇదే. గంటకు ఇంత అని అద్దె తీసుకోండి. రెండోది, ఐటీఐ ట్రేడుల జాబితాలో విమాన నిర్మాణ ఫిట్టరు కోర్సు ఉంది, రెండేళ్లది. దాన్ని మన ఐటీఐల్లో ఒకదానికి తెప్పించాలి. ఇరవై మంది బ్యాచికి పది రివెట్టు గన్నులు, వాటికి తగ్గ ఇనుప దిమ్మెలు, ఒక కంప్రెసరు, ఒక ఫ్రీజరు, 1.6 మిల్లీమీటర్ల రేకు కావాలి. ఒక్కో కుర్రాడు కోర్సు అయ్యేలోపు రెండు వేల రివెట్లు కొట్టి, అందులో తప్పినవి తానే తీసి మళ్లీ కొట్టి ఉండాలి. ఎన్ని తప్పాయో, ఎందుకు తప్పాయో తన పుస్తకంలో రాసుకుని ఉండాలి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మార్కుల జాబితాతో పాటు ఆ పుస్తకం కూడా పట్టుకెళ్లమనండి.

ఇట్లు,
విమాన నిర్మాణ రంగంలోనూ, సాంకేతిక విద్యలోనూ పనిచేసిన కొందరు,
రామచంద్రపురం, కోనసీమ